తాత పేరు మీద పొలం, మావ నెత్తిన అప్పు

ఏప్రిల్ వస్తే డాలస్ ఉత్తరాన ఉండే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉగాది పచ్చడి ఫొటోలు రెండు రోజులు తిరుగుతాయి. మూడో రోజు నుంచి ప్రాపర్టీ టాక్స్ మొదలు. ఇంటికి కౌంటీవాళ్లు కట్టిన విలువ కాగితం పోస్టులో వస్తుంది, ఆ విలువ ఎక్కువనిపిస్తే మే 15 లోపు ప్రొటెస్ట్ వేసుకోవాలి. ఎవరికెంత తగ్గించారు, ఏ ఏజెంటు ఎంత తీసుకుంటాడు, పగిలిన డ్రైవ్‌వే ఫొటోలు చూపించి ఫలానా ఆయన ఎలా నెగ్గుకొచ్చాడు అని, పిల్లల పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకుంటాం. నేనూ ఏటా వేస్తాను. పోయినేడు కాస్త తగ్గించారు కూడా.

మనవాళ్లలో కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. ఊరి బయట పదెకరాలు కొంటారు. టెక్సస్‌లో సాగులో ఉన్న నేలకు మార్కెట్ ధర మీద పన్ను వెయ్యరు, అది పండించగల రాబడి మీద వేస్తారు. ఇందుకోసం ఈ రాష్ట్రం 1966లో రాజ్యాంగాన్ని సవరించుకుంది, 1978లో ఆ వెసులుబాటును ఇంకా పెంచింది. ఇప్పుడు 5 నుంచి 20 ఎకరాల లోపు నేలలో తేనెటీగలు పెంచినా సాగు కిందికే వస్తుంది. అందుకని మన ఇంజినీరుగారు అద్దెకు తెచ్చిన తేనెపెట్టెలు కొన్ని ఆ మూల పెట్టి, పన్ను కట్టేటప్పుడు రైతవుతాడు. ఆ తేనె ఎప్పుడైనా నాలిక మీద వేసుకున్నాడో లేదో అడగలేదు. చట్టం ఒప్పుకున్నదే, తప్పు పట్టను. కానీ ఆ పదెకరాల పక్కన అసలు రైతు ఒకాయన ఉండేవాడు. గడ్డి కోసి కట్టలు కట్టేవాడు, ముప్ఫై పశువులుండేవి. నేల మీద పన్ను ఆయనకూ తక్కువే. ఇంటికి మాత్రం చుట్టూ వెలసిన మన కొత్త ఇళ్ల ధరను బట్టే విలువ కట్టారు. ట్రాక్టరు మీద అప్పు, ఏటా వసంతంలో పెట్టుబడికి తెచ్చే అప్పు. భార్య బళ్లో పనిచేసింది, జీతం కన్నా ఇన్సూరెన్సు కోసమే ఎక్కువ. ఆయన పోయాక పిల్లలు అమ్మేశారు. నేలను సాగులోంచి తప్పించి ఇళ్లకు వాడితే వెనకటి మూడేళ్ల పన్ను తేడా కట్టాలి. దాన్ని బిల్డరు ఓ ఖర్చులా రాసుకుని కట్టేశాడు. ఇప్పుడక్కడ క్రికెట్ నెట్స్ ఉన్నాయి, మావాడు శనివారాలు వెళ్తాడు.

ఈ దేశంలో చిన్నరైతు కష్టానికి కనీసం ఒక పేరుంది, ఒక కోర్టుంది. 1980ల్లో వడ్డీలు ఆకాశానికంటి వేల కుటుంబాలు నేల పోగొట్టుకున్నాక, 1986లో కుటుంబ సేద్యం కోసమే దివాలా చట్టంలో 12వ అధ్యాయం పెట్టారు. 2005లో దాన్ని శాశ్వతం చేశారు. అప్పున్న రైతు నేల మీదే ఉండి మూడు నుంచి అయిదేళ్లలో తీర్చుకునే ఏర్పాటు అది. దానితో అందరూ గట్టెక్కారని కాదు. కోర్టు మెట్లెక్కడానికైనా ఆ రైతుకు తన పేరు మీద ఒక కాగితం ఉంది. నేను చెప్పబోయే మనిషికి అదీ లేదు. ఆ కాగితం మా ఇంటి బీరువాలో ఉంది.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడికి అవతల కాశీనగరం వైపు, వంశధారకు దగ్గర్లో ఒక పల్లె. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు పడింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. ఊళ్లో మాట తెలుగు, ఆఫీసులో రాత ఒడియా. మాకు మూడెకరాల ఇరవై డెసిమళ్ల పల్లం ఉంది. (సెంటు అన్నా డెసిమల్ అన్నా ఒకటే. అటు సెంటు, ఇటు డెసిమల్.) ముప్ఫై ఏళ్లుగా దాన్ని చేస్తున్నది నేను మావా అని పిలిచే ఆయన. రక్తసంబంధం లేదు, వరస కలిపాం అంతే. సగం పాలుకు చేస్తాడు. విత్తనం, ఎరువు, దమ్ము, ఊడుపు, కోత అన్నీ ఆయన ఖర్చే. పంటలో సగం మాది. ఆ సగం డబ్బులు ఏటా సంక్రాంతి వెళ్లాక విశాఖపట్నంలో మా అమ్మ ఖాతాలో పడతాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తోందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయిన జనవరిలో వెళ్లినప్పుడు మావ ఒక పాలిథిన్ సంచీ తెచ్చి అరుగు మీద కుమ్మరించాడు. అందులో భార్య పేరున గ్రూపు లోను పుస్తకం ఉంది, వారం వారం కట్టిన సంతకాలతో. ఎరువుల కొట్టు చీటీలు ఒక దారానికి గుచ్చి ఉన్నాయి. యూరియా 45 కిలోల బస్తా మీద అచ్చేసిన ధర 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 50 కిలోలు 1,350. చీటీల్లో రాసినవి ఆ ధరలు కావు. అరువు బస్తాకు కొట్టువాడి ధర వేరు, దాని మీద నూటికి మూడు రూపాయల వడ్డీ వేరు. నూటికి మూడంటే నెలకు, ఏడాదికి ముప్ఫై ఆరు. నా ఇంటి అప్పు మీద అర శాతం తగ్గించుకోడానికి నేను మూడు బ్యాంకులు తిరిగిన సంగతి ఆయనకు చెప్పలేదు.

సంచీలో అడుగున ఉన్నవి ఖజణా రసీదులు. ఒడిశాలో సాగుభూమి మీద శిస్తును ఎప్పుడో ఎత్తేశారు, మిగిలింది సెస్సు. జనం నోట్లో మాత్రం అది ఇప్పటికీ ఖజణాయే. ఏడాదికి కట్టేది మా మూడెకరాలకు పర్లాకిమిడిలో ఇద్దరు టిఫిను తినే డబ్బు. అమెరికాలో రైతు పన్ను గురించి దిగులుపడితే ఇక్కడ అది లెక్కలోకే రాదు. అయినా మావ ఆ రసీదులు ప్రాణంలా దాచాడు, ఎందుకంటే ఆయనకూ ఆ నేలకూ సంబంధం ఉందని చెప్పే కాగితాలు అవొక్కటే. కట్టింది ఆయనే. రసీదు మీద పేరు మాత్రం 1994లో పోయిన మా తాతది. అదీ సరిగ్గా లేదు. ఒడియా రాతలో వకారం బకారమైపోతుంది కదా, మా తాత పేరులోని వెంకట అక్కడ బెంకట. చనిపోయిన ధ్రువపత్రంలో వెంకట.

ఆ ఒక్క అక్షరానికి ఖరీదెంతో అరుగు మీదే లెక్క వేశాం. 2024 ఖరీఫ్ ధాన్యానికి కేంద్రం మద్దతు ధర క్వింటాకు 2,300. దానిపైన ఒడిశా ప్రభుత్వం 800 కలిపింది, మొత్తం 3,100. సరిహద్దుకు అవతలి రైతులు కూడా అసూయపడే ధర. ప్రభుత్వం తరఫున ధాన్యం కొనే మండీలో ‘కట్నీ ఛట్నీ’ పేరుతో తేమ ఉందని, తాలు ఉందని క్వింటాకిన్ని కిలోలు కోసుకోవడం ఉంది, అది పోను కూడా మంచి ధరే. కానీ మండీకి తేవాలంటే ముందు సొసైటీలో పేరు నమోదు కావాలి. భాగచాషీగా, అంటే పాలుకు చేసేవాడిగా, చేయించుకోవచ్చు, భూయజమాని అంగీకారం ఉంటే.

మావ చెప్పిన తీరు ఇదీ: “ఎల్లినాను బాబూ. పొలం నీదా అన్నారు. కాదన్నాను. ఎవులిదన్నారు. మీ తాత పేరు సెప్పినాను. ఆయన్ని తెమ్మన్నారు. నానెక్కడ్నించి తెత్తాను?”

అందరం నవ్వాం. తర్వాత లెక్క చూసుకున్నాం. ఆ ఏడు పండింది అరవై క్వింటాళ్లు. కళ్లంలోనే దళారీకి 1,900 చొప్పున ఇచ్చేశాడు. ఆయన వాటా ముప్ఫై క్వింటాళ్లు. క్వింటాకు 1,200 తేడా చొప్పున ముప్ఫై ఆరు వేలు.

ఈ అంకెను ఇంకో అంకె పక్కన పెడతాను. 2019లో కేంద్ర గణాంక శాఖ రైతు కుటుంబాల మీద చేసిన సర్వేలో ఒడిశా రైతు కుటుంబానికి సగటున ఉన్న అప్పు 32,721 రూపాయలు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 2,45,554, దేశంలోకెల్లా ఎక్కువ. అంటే ఒడిశా రైతు సగటు అప్పు కన్నా ఎక్కువ సొమ్ము మావ ఒక్క పంటలో, కాగితం లేక, పోగొట్టుకున్నాడు. సగటు అంకెను ఒక్క మనిషికి అంటగట్టకూడదని నాకూ తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ రెండు అంకెలు చూసి పాతపట్నం వైపు రైతు మునిగిపోయాడు, పర్లాకిమిడి వైపు రైతు సుఖంగా ఉన్నాడు అనుకునేవాళ్లున్నారు. మా చిన్నాన్న అదే అన్నాడు. అదే సర్వేలో ఒడిశా రైతు కుటుంబం నెల రాబడి 5,112, ఆంధ్రలో 10,480 అని ఉంది. అప్పు తక్కువగా ఉందంటే అవసరం తక్కువని కాదు. అప్పు పుట్టడం లేదని. అటు రైతుకు బ్యాంకు, సొసైటీ, సొంత బంగారం తాకట్టు, అన్నీ కలిసి పెద్ద అంకె అయింది. ఇటు రైతు నూటికి మూడుకు తెచ్చి, కోత కాగానే దళారీ చేతిలో ధాన్యం పెట్టి తీర్చి, మళ్లీ దమ్ము నాటికి అదే గుమ్మం ఎక్కుతాడు. సర్వేవాళ్లు వచ్చిన రోజున ఎంత మిగిలి ఉంటే అంతే రాసుకుంటారు.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంటరుణం వడ్డీ ఏడు శాతం. గడువులోగా కడితే నాలుగే పడుతుంది. తాకట్టు లేకుండా ఇచ్చే పరిమితిని 2025 జనవరి నుంచి రెండు లక్షలు చేశారు. అంటే మావ చేసే సేద్యానికి సరిపడా అప్పు నాలుగు శాతానికి ఈ దేశంలోనే దొరుకుతుంది. ఆయన కడుతున్నది ముప్ఫై ఆరు. పట్టా మా అమ్మ పేరు మీదికి మారితే ఆవిడకు ఆ కార్డు ఇస్తారు, కానీ ఆవిడకు వరి నాటడం రాదు. 2020లో ఒడిశా ప్రభుత్వం, నాబార్డు కలిసి భూమిలేని సాగుదారుల కోసం బలరాం అని ఒక పథకం తెచ్చాయి. అయిదారుగురిని జట్టు కట్టి, ఒకరికొకరు పూచీగా ఉంటే జట్టుకు లక్షా అరవై వేల దాకా అప్పు. మంచి ఆలోచన. మావ జట్టులో ఇద్దరు సూరత్ వెళ్లిపోయారు, జట్టు విడిపోయింది. ఆయన కొడుకూ సూరత్‌లోనే మగ్గాల మిల్లులో ఉన్నాడు. గంజాం, గజపతి పల్లెల్లో సూరత్ వెళ్లినవాడు లేని వీధి ఉండదు. కొట్టువాడి వడ్డీ కట్టేది ఆ మిల్లు జీతమే. టెక్సస్ రైతు భార్య బడి ఉద్యోగం చేసిన పనే ఇక్కడ సూరత్ మగ్గం చేస్తోంది.

ఈ అప్పు ఎప్పుడు మొదలైందో మావకు తేదీతో సహా గుర్తు. 2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను. పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా పోయింది. పొట్ట మీద ఉన్న వరి పడిపోయింది. గట్టు మీది కొబ్బరిచెట్లు పడ్డాయి, అవి మావి. వరి ఆయనది. మా పొలం తాలూకు పరిహారం ఎవరికీ రాలేదు. దరఖాస్తు పెట్టాల్సిన పేరుగల మనిషి అప్పటికే ఇరవై నాలుగేళ్లుగా లేడు. మేం? ఊళ్లో అమ్మవారి గుడి రేకులు ఎగిరిపోయాయంటే ఇక్కడ చందాలు పోగుచేసి శ్లాబు వేయించాం. శిలాఫలకం మీద నా పేరు స్పష్టంగా ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ, అక్షరం పొల్లుపోకుండా.

ఊరికి చేసినవాటిని తక్కువ చెయ్యడం లేదు. బోరు వేయించినవాళ్లున్నారు, బడికి కంప్యూటర్లు పంపినవాళ్లున్నారు. చెక్కు రాయమంటే రాస్తాం. సంతకం పెట్టమంటే మాత్రం చెయ్యి వెనక్కి పోతుంది. కాగితం ఇస్తే పొలం పోయినట్టే అని మా చిన్నాన్న. ఆయన భయానికీ ఒక చరిత్ర ఉంది, కొట్టిపారెయ్యను. దున్నేవాడిదే భూమి అన్న రోజులు చూసిన తరం అది. ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960 నాటిది, కొద్దిమందికి మినహాయింపులిచ్చి మిగతా అందరికీ కౌలుకివ్వడాన్నే నిషేధించింది. పాలుదారుణ్ణి కాపాడదామని చేశారు. జరిగిందేమిటంటే పాలు ఆగలేదు, కాగితం ఆగిపోయింది. అందరూ నోటిమాట మీదే నడుపుకుంటున్నారు. అటు ఆంధ్రలో 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం చేసి, యాజమాన్య హక్కుకు ఢోకా లేకుండా పదకొండు నెలల సాగు కార్డు ఇస్తామన్నారు. దానికీ యజమాని సంతకం కావాలి. ఆ సంతకం కోసం కౌలుదారు ఎన్నిసార్లు తిరగాలో శ్రీకాకుళం జిల్లావాళ్లను అడగండి. ఒడిశా చట్టం మారాలి, కౌలును చట్టబద్ధం చేసి రాసుకోనివ్వాలి, యజమాని హక్కు యజమానికి ఉండనివ్వాలి అన్నది నా గట్టి అభిప్రాయం. కానీ చట్టం మారేదాకా చేతులు కట్టుకోవలసిన పని లేదు. ధాన్యం నమోదుకు ఇచ్చే అంగీకారం కౌలు పత్రం కాదు. అదీ ఇవ్వకపోతే మన భయం పొలం గురించి కాదు. మన సగం గురించి.

ముప్ఫై ఏళ్లుగా దున్నుతున్న మనిషికి పొలం కాజెయ్యాలనే ఉంటే మన కాగితం కోసం ఆగేవాడా?

ఇంకో మాట. ఎన్నారైగా మనం ఇండియాలో సాగుభూమి కొనలేం, విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మదలిస్తే ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి. అందుకని చాలామంది, ‘ఉన్నది ఉండనీ, ధర పెరుగుతుంది కదా’ అని తాతల పేర్ల మీదే వదిలేస్తారు. ఒక తరం దాటితే వారసులు అయిదుగురు, రెండు తరాలు దాటితే పదిహేనుమంది. 2005 నుంచి ఆడపిల్లలకూ సమాన వాటా, అది న్యాయమే. దానికి తగ్గట్టు సంతకాలు కూడా పెరిగాయి. అందరికీ ఆస్తే కానీ ఎవరికీ పనిలేని ఆస్తి. టెక్సస్‌లో ఇలా చేస్తే కౌంటీవాళ్లు ఊరుకోరు. పన్ను ఎవరు కడతారని వెంటపడతారు, కట్టకపోతే వేలం వేస్తారు. ఇంటద్దె అంత పన్నుకు మనం ఏడుస్తాం గానీ, ఆ భయం వల్లే ఇక్కడ నేలకు చాలావరకు బతికున్న ఒక మనిషి పేరుంటుంది. మా ఊళ్లో ఖజణా టిఫిను ఖర్చంత కాబట్టి చచ్చిపోయినవాడి పేరు ముప్ఫై ఏళ్లు నడుస్తుంది. పన్నులు పెంచమని నేనంటున్నానని రేపు ఎవరో ఎడిటరుగారికి ఉత్తరం రాస్తారు. అనడం లేదు. రాయాలనుకుంటే రాయండి.

సంక్రాంతి నుంచి మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, పని మొదలుపెట్టాం. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఆఫీసులో గుమాస్తా మంచిగానే మాట్లాడాడు, తెలుగులోనే. వారసుల ధ్రువపత్రం, బెంకట వెంకట ఒకరే అని అఫిడవిట్టు, వాటాదారులందరి ఒప్పుదల కావాలన్నాడు. నాన్న 2021లో పోయారు, ఆయన బదులు అమ్మ, చెల్లి, నేను. అత్తలు ముగ్గురిలో ఇద్దరు లేరు, వాళ్ల పిల్లలు. చిన్నాన్న. మొత్తం పద్నాలుగుమంది తేలారు. బరంపురం, రాయగడ, విశాఖ, హైదరాబాదు, మస్కట్, ఇక్కడ. మా అమ్మ మొదటి సంతకం పెట్టి, పెన్ను పక్కన పెడుతూ, “మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?” అంది. చెప్పాల్సింది నేనే.

మొన్న ఆదివారం మావ ఫోన్ చేశాడు. వాన పడిందట, నారు పోశాడట. కొట్టువాడు ఈసారి డీఏపీ అరువివ్వనంటున్నాడట. మాటల మధ్యలో, “మరి కోతలనాటికి ఆ పేరు మార్పు అవుతాదేటి బాబూ?” అన్నాడు.

మూడు సంతకాలు మిగిలాయని చెప్పాను. ఒకటి చిన్నాన్నది. ఒకటి మస్కట్‌లో ఉన్న అత్త కొడుకుది. మూడోది ఎవరిదని ఆయన అడగలేదు. నాదే. పవర్ ఆఫ్ అటార్నీ మీద హ్యూస్టన్ కాన్సులేట్ ముద్ర పడాలి. ఫిబ్రవరిలో వెళ్దామనుకున్నాను, పని పడింది. ఏప్రిల్‌లో ప్రొటెస్ట్ కాగితాలతో తీరిక దొరకలేదు.